నల్లరాయి: జగిత్యాల ప్రాంతపు అగ్నిశిలల రూపురేఖలు, పేర్ల చరిత్ర

వ్యాససంగ్రహం:

తెలుగులో 'నల్లరాయి' అనే ఒక్క మాట బసాల్ట్, డోలరైట్, గాబ్రో, చార్నొకైట్ వంటి వేర్వేరు శిలలకు వాడుకలో ఉంది. వీటి పుట్టుక, వయస్సు, దొరికే చోటు వేర్వేరు. జగిత్యాల జిల్లా మేడిపల్లి పరిసరాల గ్రానైట్ నేలను, దానికి పశ్చిమ, వాయవ్య దిక్కులలో ఉన్న దక్కను లావా నేలను ఆధారం చేసుకొని, రాయి రూపురేఖలు దాని పుట్టుకను ఎలా తెలుపుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ రూపురేఖలను పనివారు, పరిశీలకులు, పాఠ్యగ్రంథ రచయితలు ఏ కాలంలో ఏ పేర్లతో గుర్తించారో పరిశీలిస్తుంది. రాతి పేరులోని పొరపాటు చరిత్ర రచనలోని పొరపాటుగా ఎలా మారుతుందో కాకతీయ ఆలయాల ఉదాహరణతో నిరూపించడం దీని ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: నల్లరాయి, బసాల్ట్, డోలరైట్, కణవిన్యాసం, రేగడి, మేడిపల్లి, కాకతీయ శిల్పం, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం:

జగిత్యాల నుంచి కోరుట్లకు వెళ్ళే దారిలో మేడిపల్లి ఉంది. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడేవరకు ఇది కరీంనగర్ జిల్లాలో భాగం. ఈ ప్రాంతంలో ఎటు చూసినా గుట్టలు, బండలు, గుండ్లు కనిపిస్తాయి. వీటిలో ఎక్కువ భాగం బూడిద, గులాబి రంగుల గ్రానైట్, నైస్ శిలలు. వీటి మధ్య అక్కడక్కడ నల్లరాళ్ళు వరుస కట్టినట్లు సాగిపోతుంటాయి. చూసేవారికి ఇవి అగ్నిపర్వతం నుంచి వెలువడిన రాళ్ళుగా తోచవచ్చు. రంగును మాత్రమే చూస్తే ఆ ఊహ సహజం. రాతి లోపలి అల్లికను చూస్తే సమాధానం మారుతుంది.

శిలలోని ఖనిజ కణాల పరిమాణం, ఆకారం, అవి ఒకదానితో ఒకటి కలిసి ఉన్న తీరు అన్నింటినీ కలిపి 'కణవిన్యాసం' అనవచ్చు. రంగు, బరువు, పగిలిన తీరు, ఉపరితలం మీది రంధ్రాలు, చారలు బాహ్యరూపానికి చెందినవి. ఈ రెండింటిని కలిపి చదివినప్పుడే శిల చరిత్ర తెలుస్తుంది. తెలుగు నేల మీద ఈ చదువు ఎలా సాగిందన్నది సాహిత్య, చరిత్ర విద్యార్థులకు కూడా సంబంధించిన విషయమే. శాసనాల, శిల్పాల, ఆలయాల వర్ణనలో రాతి పేరు తప్పక వస్తుంది.

2. మేడిపల్లి పరిసరాలు - రెండు శిలాప్రపంచాల అంచు:

మేడిపల్లి నేల ధార్వార్ క్రేటన్ అనే అతి ప్రాచీన భూఖండ భాగానికి చెందినది. ఇక్కడి గ్రానైట్, నైస్ శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూ ఏర్పడినవి. కరీంనగర్ ప్రాంతంలో వీటితోపాటు తీవ్రమైన ఉష్ణపీడనాలకు లోనై రూపాంతరం చెందిన గ్రాన్యులైట్ శిలలు, వాటిలో చార్నొకైట్ కూడా ఉన్నాయి. ఈ పాత శిలలలోని పగుళ్ళ గుండా లోతుల నుంచి శిలాద్రవం పైకి చొచ్చుకువచ్చి, నేల పైకి రాకుండానే గడ్డకట్టింది. ఆ విధంగా నిలువుగోడల్లా ఏర్పడినవే డైకులు. వీటిలోని శిల సాధారణంగా డోలరైట్. తెలంగాణలోని ఇటువంటి డైకులలో కొన్ని 220 కోట్ల ఏళ్ళకు పైబడినవి.

మేడిపల్లి నుంచి వాయవ్యంగా గోదావరి దాటి నిర్మల్, ఆదిలాబాద్ వైపు వెళ్ళినా, పడమరగా మద్నూర్, జుక్కల్ వైపు వెళ్ళినా నేల స్వభావం మారుతుంది. గుండ్రని గ్రానైట్ గుండ్ల స్థానంలో మెట్లు మెట్లుగా, పైభాగం చదునుగా ఉన్న కొండలు కనిపిస్తాయి. ఇవి దక్కను లావా ప్రవాహాల తూర్పు అంచులు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట నేలలోని చీలికల నుంచి వెలువడిన ఈ లావా నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. పశ్చిమ కనుమల్లో దీని మందం 2 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తూర్పుకు వచ్చేకొద్దీ పలుచబడుతుంది.

మేడిపల్లి దగ్గరి డోలరైట్‌కూ ఆదిలాబాద్ బసాల్ట్‌కూ రంగు ఒక్కటే, రసాయన స్వభావం కూడా దగ్గరిదే. వాటి వయస్సుల మధ్య మాత్రం ముప్పై రెట్లకు పైగా తేడా ఉంది. ఒకటి నేల లోపల గడ్డకట్టినది, మరొకటి నేల మీద ప్రవహించినది. కాబట్టి అగ్నిపర్వత శిల అనే పేరు రెండోదానికే తగినది. రెండూ అగ్నిశిలలే అయినా మొదటిదాన్ని అగ్నిపర్వత శిల అనడం సరికాదు.

3. కణవిన్యాసం - చల్లారిన వేగం:

శిలాద్రవం నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. త్వరగా చల్లారితే అవి కంటికి కనిపించనంత చిన్నవిగా ఉండిపోతాయి. మరీ వేగంగా చల్లారితే స్ఫటికాలే ఏర్పడక గాజువంటి శిల తయారవుతుంది. బెల్లపు పాకాన్ని నెమ్మదిగా చల్లార్చితే పలుకు కట్టడం, చన్నీళ్ళలో వేస్తే ముద్దగా బిగుసుకోవడం తెలిసినవారికి ఈ సూత్రం కొత్తది కాదు.

ఈ సూత్రం ప్రకారం నల్లరాళ్ళను వరుసగా అమర్చవచ్చు. నేల మీద చల్లారిన బసాల్ట్‌లో కణాలు విడివిడిగా కనిపించవు. పగిలిన ముఖం నున్నగా, మసకగా ఉంటుంది. డైకులో చల్లారిన డోలరైట్‌లో చిన్న కణాలను భూతద్దంతో, కొన్నిసార్లు వట్టి కంటితోనే చూడవచ్చు. సన్నని ఫెల్‌స్పార్ పలకలు నల్లని పైరాక్సీన్ స్ఫటికాలలో గుచ్చుకొని ఉండటం దీని ప్రత్యేకత. శాస్త్రజ్ఞులు దీనిని ఓఫిటిక్ విన్యాసం అంటారు. ఇంకా లోతుల్లో చల్లారితే అదే పదార్థం పెద్ద పలుకులున్న గాబ్రో అవుతుంది. కొన్ని శిలల్లో సన్నని ముద్ద నడుమ పెద్ద స్ఫటికాలు పొదిగినట్లుంటాయి. శిలాద్రవం కొంతకాలం లోతున నిలిచి, తరువాత ఒక్కసారిగా పైకి వచ్చిందనడానికి అది గుర్తు. దీనికి పార్ఫిరిటిక్ విన్యాసమని పేరు.

లావా ప్రవాహానికి మరికొన్ని గుర్తులున్నాయి. లావా పైకి వచ్చినప్పుడు దానిలో కరిగి ఉన్న వాయువులు బుడగలుగా విడివడతాయి. రాయి గడ్డకట్టేసరికి ఆ బుడగల చోట రంధ్రాలు మిగులుతాయి. ఇవి ప్రవాహపు పైభాగంలో ఎక్కువగా ఉంటాయి. తరువాతి కాలంలో ఈ రంధ్రాలలోకి ఊరిన నీటి నుంచి స్ఫటికం, కాల్సైట్, జియోలైట్ వంటి ఖనిజాలు పేరుకొని వాటిని నింపుతాయి. అలా నిండిన రంధ్రాలు బాదం పప్పును తలపించడం వల్ల గ్రీకు భాషలోని బాదం అనే మాట మీదుగా ఎమిగ్డలాయిడల్ అనే పేరు వచ్చింది. చారల అగేట్ రాళ్ళు పుట్టేది చాలావరకు ఈ రంధ్రాలలోనే. బసాల్ట్ శిథిలమైనా అగేట్ నశించదు. గోదావరి దక్కను లావా నేలల గుండా ప్రవహించి, కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశించి, జగిత్యాల జిల్లాలో ధర్మపురిని ఒరుసుకుంటూ సాగుతుంది. ఆ విధంగా జగిత్యాల నేలకు నిజమైన అగ్నిపర్వత శిలా సంపద నది మోసుకువచ్చిన గులకరాళ్ళ రూపంలో చేరింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డైకు అంచులు చుట్టూ ఉన్న చల్లని శిలను తాకి త్వరగా గడ్డకడతాయి. అందువల్ల డైకు నడుమ డోలరైట్ ఉన్నా, అంచున దొరికే ముక్క అచ్చం బసాల్ట్‌లా ఉంటుంది. చేతిలోని ముక్క ఒక్కటే సాక్ష్యంగా చాలదు. అది ఏ నేలలో, ఏ అమరికలో ఉన్నదో కూడా చూడాలి.

4. నీరా, నిప్పా? - వివాదం దక్కనుకు చేరిన తీరు:

నేడు పాఠశాల విద్యార్థికి కూడా తెలిసిన ఈ విషయం 18వ శతాబ్దపు ఐరోపాలో తీవ్ర వివాదానికి గురైంది. జర్మనీలోని ఫ్రైబర్గ్ గనుల విద్యాలయంలో బోధించిన వెర్నర్ బసాల్ట్ ఆదిమ సముద్రపు నీటి నుంచి పేరుకున్నదని వాదించాడు. ఫ్రెంచి పరిశీలకుడు దెమారె ఒవెర్న్యె ప్రాంతంలో బసాల్ట్ స్తంభాలను అగ్నిపర్వతాల దాకా అనుసరించి వెళ్ళి, అవి లావాయేనని చెప్పాడు. స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ హాల్ 1798లో ప్రకటించిన ప్రయోగాలు కణవిన్యాసానికి సంబంధించినవి. ఆయన బసాల్ట్‌ను కొలిమిలో కరిగించి వేగంగా చల్లార్చగా గాజు ఏర్పడింది. నెమ్మదిగా చల్లార్చగా తిరిగి రాయిలాంటి కణవిన్యాసం వచ్చింది. నిప్పు నుంచి పుట్టిన పదార్థం గాజుగానే ఉండాలన్న ఆక్షేపణకు ఇది సమాధానమైంది.

ఈ చర్చ నడుస్తున్న కాలంలోనే కంపెనీ వైద్యులు, సైనికాధికారులు దక్కను రాళ్ళను పరిశీలించారు. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశీలకుడుగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయిసీ 1819 నుంచి 1824లో మరణించేవరకు హైదరాబాదు రాజ్యంలోనూ నాగపూర్ వైపూ తిరిగి శిలలను వర్ణించాడు. గావిల్‌గఢ్ కొండల్లో లావా పొరల మధ్య శిలాజ గవ్వలను గుర్తించాడు. జాన్ గ్రాంట్ మాల్కంసన్ ఈ బసాల్ట్ నేలల తూర్పు భాగపు శిలాజాల మీద రాసిన వ్యాసం 1840లో లండన్ భూగర్భ సంఘం ప్రచురణల్లో వెలువడింది. నిర్మల్ శ్రేణి కొండలు అందులో చర్చకు వచ్చాయి. మంచినీటి గవ్వలు లావా పొరల నడుమ ఉండటం వల్ల ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య చెరువులు ఏర్పడి, జీవులు బతికేంత వ్యవధి ఉండేదని తేలింది. రాజమహేంద్రవరం సమీపంలోని కాతేరు, పంగిడి ప్రాంతాల లావా పొరల మధ్య కూడా ఇటువంటి సున్నపురాతి పొరలు ఉన్నాయి. పశ్చిమాన పుట్టిన లావా ప్రాచీన నదీలోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి అక్కడికి చేరిందని పలువురు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

దక్కను లావా కొండల మెట్ల రూపాన్ని చూసి వాటికి స్వీడిష్ భాషలో మెట్టు అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన 'ట్రాప్' అనే పేరు వాడారు. హవాయి దీవుల వాసులు నున్నని లావాను 'పాహోయ్‌హోయ్' అని, గరుకు లావాను 'ఆఆ' అని పిలిచిన పేర్లు ప్రపంచ శాస్త్ర పరిభాషలో స్థిరపడ్డాయి. చూపుకు కనిపించే రూపం నుంచి జనం పెట్టుకున్న పేర్లు శాస్త్రానికి పనికివస్తాయనడానికి ఇవి నిదర్శనాలు.

5. పనివారి పరిశీలన:

శాస్త్రం రాకముందే కణవిన్యాసాన్ని చేతితో గుర్తించినవారు రాతిపనివారు. దక్షిణ భారత నవీన శిలాయుగపు గొడ్డళ్ళలో ఎక్కువ భాగం డోలరైట్, బసాల్ట్ వంటి నల్లరాళ్ళతో చేసినవి. తెలుగు, కన్నడ నేలలు కలిసే బళ్ళారి సమీపంలోని సంగనకల్లు-కుప్‌గల్ కొండల్లో క్రీ.పూ. 2వ సహస్రాబ్దినాటి పెద్ద గొడ్డళ్ళ తయారీ కేంద్రం బయటపడింది. అక్కడి డోలరైట్ డైకు నుంచి రాతిని తీసి, చెక్కి, నూరి గొడ్డళ్ళు చేశారు. గ్రానైట్ కొండ మీద ఉంటూ గ్రానైట్‌ను విడిచి డైకునే ఎంచుకోవడం గమనార్హం. పెద్ద పలుకులున్న గ్రానైట్ అంచు కణాల వెంట రాలిపోతుంది. సన్నని కణాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న డోలరైట్ పదునైన అంచును నిలుపుకొంటుంది. అదే డైకు మీది కొన్ని రాళ్ళు కొడితే గంటలా మోగుతాయి.

సంస్కృత శిల్పశాస్త్ర గ్రంథాలు రాతిని ధ్వనిని బట్టి పురుష, స్త్రీ, నపుంసక శిలలుగా విభజించాయి. గంటలా మోగే రాతిని విగ్రహానికి శ్రేష్ఠమన్నాయి. పగులు లేని, కణాలు గట్టిగా అతుక్కున్న రాయే అలా మోగుతుంది. కాబట్టి ఆ విభజన వెనుక కణవిన్యాస పరిశీలన ఉన్నదని చెప్పవచ్చు.

కాకతీయుల శిల్పంలో ఈ జ్ఞానం స్పష్టంగా కనిపిస్తుంది. రుద్రదేవుడు 1163లో హనుమకొండలో నిర్మింపజేసిన వేయిస్తంభాల గుడిలోని నల్లని స్తంభాలు, నంది అద్దంలాంటి నునుపు కలవి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మింపజేసిన రామప్ప గుడిలో ఎర్రని ఇసుకరాతి గోడలు, నల్లరాతి మదనికలు, తేలిక ఇటుకల విమానం ఉన్నాయి. 2021లో యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వివరణలో స్తంభాలు, దూలాల రాళ్ళను గ్రానైట్, డోలరైట్ అని పేర్కొన్నది. పర్యాటక రచనల్లో, కొన్ని చరిత్ర రచనల్లో మాత్రం ఆ నల్లరాయి ఒకచోట 'బసాల్ట్', మరొకచోట 'నల్ల గ్రానైట్' అవుతున్నది.

ఈ తేడా పేరుకు మాత్రమే పరిమితం కాదు. బసాల్ట్ అని రాస్తే ఆ రాతి మూలాన్ని దూరాన పశ్చిమంగా ఉన్న లావా నేలల్లో వెతకాలి. అంతటి బరువును అంత దూరం తరలించిన బండ్లు, దారులు, ఖర్చు గురించి ఊహించాలి. డోలరైట్ అని గుర్తిస్తే మూలాన్ని దగ్గరి గ్రానైట్ నేలల డైకులలో వెతకవచ్చు. అప్పుడు చరిత్రకారుడు దూరపు రవాణాకు బదులు స్థానిక రాతిగనుల గురించి, అక్కడ పనిచేసినవారి నైపుణ్యం గురించి ప్రశ్నించవలసి వస్తుంది. శిథిల భాగాలకు మరమ్మతు చేసేటప్పుడు ఏ రాతిని తేవాలన్నది కూడా ఈ గుర్తింపు మీదనే ఆధారపడి ఉంటుంది.

6. ఇల్లు, నేల, నుడి:

ఇంటి పనిముట్లలో కూడా రాతి విన్యాసం పాత్ర ఉంది. ఇసుర్రాయి, రోలు గరుకుగా ఉండాలి. గ్రానైట్ ఇసుర్రాయి అరిగి నున్నబడితే మళ్ళీ ఉలితో గంట్లు పెట్టించాలి. రంధ్రాలున్న బసాల్ట్ అరిగేకొద్దీ కొత్త రంధ్రాల అంచులు పైకి తేలుతాయి. బంగారం వన్నె చూసే ఒరగల్లుకు దీనికి విరుద్ధమైన గుణం కావాలి. అది నల్లగా, పలుకు కనిపించనంత సన్నగా ఉండాలి. 'గీటురాయి' అన్న మాట ప్రమాణం అనే అర్థంలో సాహిత్య విమర్శలోకి వచ్చిందంటే దాని వెనుక ఒక శిల కణవిన్యాసం ఉన్నదన్నమాట.

నేలల పేర్లలో మరో ముఖ్య విషయం ఉంది. తెలంగాణ రైతు గ్రానైట్ నుంచి పుట్టిన ఎర్రని తేలికనేలను 'చల్క' అని, నల్లని బరువునేలను 'రేగడి' అని అంటాడు. 19వ శతాబ్దపు ఆంగ్ల భూగర్భ రచనల్లో ఈ రేగడి 'రేగర్' అయింది. నేటికీ భూగోళ పాఠ్యగ్రంథాల్లో అదే పేరు నిలిచింది. రేగడి బసాల్ట్ శైథిల్యం వల్ల పుట్టిందా, నీటి నిక్షేపమా అన్న చర్చ కూడా ఆ కాలంలో జరిగింది. బసాల్ట్ మీద రేగడి విస్తారంగా ఏర్పడే మాట నిజమే. అయినా గ్రానైట్ ప్రాంతపు పల్లపు నేలల్లోనూ అది ఉంటుంది. కాబట్టి జగిత్యాల పరిసరాల్లో నల్లనేల కనిపించినంత మాత్రాన కింద లావా ఉన్నదనుకోరాదు. నేల విషయంలోనూ రాతి విషయంలోనూ నలుపు ఒక్కటే చాలిన ఆధారం కాదు.

7. పరిభాష ప్రయాణం:

జగిత్యాల ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. అందుకు కావలసిన శాస్త్ర పరిభాషను అంతకుముందు ఏడాది ఏర్పాటైన అనువాద సంస్థ ఉర్దూలో రూపొందించింది. ఇక్కడి తెలుగు విద్యార్థికి ఉన్నత విద్యలో శిలల పేర్లు మొదట ఉర్దూలో, ఆ తరువాత ఇంగ్లీషులో అందాయి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలు, పదకోశాలు తెలుగులో విరివిగా వచ్చాయి. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అనే విభజన స్థిరపడింది.

ఈ పరిభాష ఎక్కువగా సంస్కృత పదాల మీద నిలిచింది. రాతిపనివారి నోటిలోని పలుకు, పొర, జీర, గరుకు, నునుపు వంటి మాటలు దానిలోకి అంతగా చేరలేదు. మరోవైపు రాతి వ్యాపారం తన సొంత పేర్లను తెచ్చింది. మెరుగుపెట్టి అమ్మే గట్టిరాయి ఏదైనా వ్యాపారంలో గ్రానైటే. కరీంనగర్ రాయి 'టాన్ బ్రౌన్' పేరుతో విదేశాలకు వెళ్తుంది. డోలరైట్, గాబ్రోలు 'బ్లాక్ గ్రానైట్' అయ్యాయి. శాస్త్రం ప్రకారం గ్రానైట్ లేతరంగు ఖనిజాలు ఎక్కువగా ఉన్న శిల. నీటితో పోలిస్తే గ్రానైట్ సుమారు 2.65 రెట్లు, డోలరైట్ సుమారు 3 రెట్లు బరువు. ఆలయ వర్ణనల్లోని 'నల్ల గ్రానైట్' ఈ వ్యాపారపు పేరును పోలినదే. పేరు స్థిరపడే తీరుకు చార్నొకైట్ మరో ఉదాహరణ. కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధిరాయిని చూసి 1893లో థామస్ హాలండ్ ఆ శిలకు ఆయన పేరు పెట్టాడు. మద్రాసు సమీపపు కొండల్లోనూ కరీంనగర్ నేలలోనూ అంతకుముందు నుంచే ఉన్న రాయికి ఒక సమాధి పేరు తెచ్చింది.

8. ముగింపు:

- మేడిపల్లి పరిసరాల గ్రానైట్ నేలను చీల్చుకువచ్చిన నల్లరాయి లావా కాదు. నేల లోపల గడ్డకట్టిన డోలరైట్. నిజమైన లావాశిలలు ఆ ప్రాంతానికి పశ్చిమ, వాయవ్య దిక్కులలో ఉన్నాయి.
- రంగు కన్నా కణవిన్యాసం, రంధ్రాలు, క్షేత్రంలోని అమరిక శిల పుట్టుకకు నమ్మదగిన సాక్ష్యాలు.
- నవీన శిలాయుగపు గొడ్డలి, కాకతీయుల మదనిక, ఇంటి ఇసుర్రాయి, ఒరగల్లు ఈ విన్యాసాన్ని ఎరిగిన చేతుల పనులు.
- ఆలయాల వర్ణనల్లో బసాల్ట్, నల్ల గ్రానైట్ అనే పేర్లను పరీక్షించకుండా వాడటం వల్ల రాతి మూలం గురించి, దానిని తీసిన శ్రామికుల గురించి తప్పు నిర్ధారణలు జరిగే ప్రమాదం ఉంది. పరీక్ష జరగని చోట 'నల్లరాయి' అని రాయడమే నిజాయితీ. ఆ మాట తక్కువ చెబుతుంది, అబద్ధం చెప్పదు.
- రేగడి అనే రైతు మాట ప్రపంచ శాస్త్రంలో స్థానం పొందింది. డైకులను పగలగొట్టి కంకర చేసేవారు, విగ్రహాలు చెక్కేవారు రాళ్ళను గుర్తించడానికి నేటికీ వాడుతున్న మాటలను సేకరించి శాస్త్ర పదాలతో జోడించడం తెలుగు పరిశోధన చేపట్టవలసిన పని. ఆ పని యంత్రాలు ఉలిని పూర్తిగా తొలగించకముందే జరగాలి.